పునర్నవ: మాట నాకు తెలుసు, మొక్క వాళ్ళకు తెలుసు



శంషాబాద్‌లో మా ఇంటి ప్రహరీగోడకూ వీధిలోని సిమెంటు రోడ్డుకూ మధ్య జానెడు మట్టి మిగిలి ఉంది. వేసవిలో అక్కడ చెప్పుకోదగినది ఏమీ ఉండదు. నాలుగు ఎండుకాడలు, వాటిమీద దుమ్ము, అంతే. మృగశిర కార్తెలో ఒక్క మంచి వాన పడితే చాలు, పట్టుమని పదిరోజులు తిరగకుండానే అదే చోటినుంచి ఎర్రని కాడలు నేలను కరచుకొని నలువైపులా పాకుతాయి. ఎవరూ విత్తినది కాదు, ఎవరూ నీరు పోసినది కాదు. పైగా నేనే దానిని రెండుసార్లు గడ్డపారతో తవ్వించాను. లోపల తల్లివేరు ముక్క ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది. మూడో ఏడు మళ్ళీ వచ్చింది.

దాని సంస్కృతనామం పునర్నవ. తెలుగులో అటికమామిడి. ఈ టపా ఆ మొక్కను గురించే. అయితే దాని మహిమలను వర్ణించడం నా ఉద్దేశం కాదు. ఆ పని చేసేవారు ఇప్పుడు అవసరానికి మించి ఉన్నారు. ఈ మొక్క విషయంలో ఒక తెలుగు పండితుడు చేసిన రెండు తప్పులను చెప్పి, వాటినుండి నాకు తేలిన అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతాను. ఆ పండితుడు వేరెవరో కాదు, నేనే.

మొదటి తప్పు పాతది. 1986లో నేను ఈ ప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకదానిలో తెలుగు పండితునిగా చేరాను. పదవ తరగతి పిల్లలకు విసర్గసంధి చెప్పేటప్పుడు పునః + జన్మ = పునర్జన్మ అన్నది అందరూ చెప్పే ఉదాహరణ. నేను దాని పక్కనే పునః + నవ = పునర్నవ అని కూడా వ్రాసేవాణ్ని. విసర్గ రేఫగా మారుతుంది, 'మళ్ళీ కొత్తదైనది' అని అర్థం, ఒక ఓషధి పేరు, అమరకోశంలో వనౌషధివర్గంలో కనబడుతుంది, దానికే శోథఘ్ని అనే మరొక పేరు ఉంది, శోథమంటే వాపు, దానిని పోగొట్టేది కనుక శోథఘ్ని. ఇంతా చెప్పి, ఎంతో చెప్పానన్న తృప్తితో సుద్దముక్క కింద పెట్టేవాణ్ని. ఆ ఓషధి ఎలా ఉంటుందని ఏ పిల్లవాడూ అడగలేదు. అడిగితే నేనూ చెప్పలేకపోయేవాణ్ని.

ఒక ఏడు ఆగస్టు పదిహేనుకు ముందు బడి ఆవరణను శుభ్రం చేయిస్తున్నాము. వానలు బాగా పడి జెండాగద్దె చుట్టూ నేల కనబడకుండా మొక్కలు అల్లుకున్నాయి. పిచ్చిమొక్కలన్నీ పీకెయ్యండి అన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పీకకుండా నిలబడి, "గది పీకొద్దు సార్, అటికమామిడి. మా అమ్మ కూరొండుతది" అన్నది. నేను ఏమన్నానో చెప్పడానికి ఈనాటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. "కూరొండుతది కాదమ్మా, కూర వండుతుంది అనాలి" అన్నాను. తోటిపిల్లలు నవ్వారు. ఆ పిల్ల వంగి పీకడం మొదలుపెట్టింది.

నల్లబల్లమీద నేను పునర్నవ అని వ్రాసిన ఓషధీ, ఆ పిల్ల చేత పీకించిన అటికమామిడీ ఒకటేనని నాకు తెలిసేసరికి పదేళ్ళకు పైగా పట్టింది. తెలిసినది కూడా ఏ గ్రంథం చదివో కాదు. మా బడిలో మధ్యాహ్నభోజనం వండే ఆమె సాయంత్రం ఇంటికి పోతూ పోతూ గట్టుమీద ఒడి నింపుకొంటుంటే ఏమిటమ్మా అది అని అడిగాను. ఆమె పేరు చెప్పి, గుర్తులు చూపించింది. ఇంటికి వచ్చి ఓషధుల బొమ్మల పుస్తకం తీసి సరిపోల్చుకొన్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆమె చెప్పిన గుర్తులు ఇవి. ఆకులు జంటలుగా వస్తాయి, జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పైన పచ్చగా ఉండి అడుగుభాగం తెల్లబారి ఉంటుంది. కాడ ఎర్రబారి, కణుపుల వద్ద ఉబ్బుతుంది. పూలు మిక్కిలి చిన్నవి, గులాబి రంగువి. ఆకు మొదట్లో కాదు, సన్నని రెమ్మలు పైకి సాగి వాటి చివరన చిన్న చిన్న గుత్తులుగా పూస్తాయి. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు కాయ. దాని అంచులవెంబడి జిగురు ఉంటుంది. గట్టుమీద నడిచి వస్తే పంచె అంచుకూ, చీర కుచ్చెళ్ళకూ, మేకల కాళ్ళకూ అంటుకొని మరో గట్టుకు ప్రయాణం చేస్తుంది. అతుక్కుంటుంది గనుకనే అతికమామిడి, అటికమామిడి అయిందని ఊహించాలని నాకూ నోరూరుతుంది. కాని ఆధారం లేని వ్యుత్పత్తులు కట్టవద్దని ముప్పైయేళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ని కనుక ఆ ఊహను అక్కడే ఆపుతున్నాను.

వృక్షశాస్త్రంలో దీని పేరు బోర్హావియా డిఫ్యూజా. హెర్మన్ బోర్హావె (1668-1738) అనే డచ్చి వైద్యుని పేరుమీద ఏర్పడిన ప్రజాతి ఇది. 1753లో లిన్నేయస్ గ్రంథంలో ఈ పేరు స్థిరపడింది. డిఫ్యూజా అంటే పరచుకొనేది అని. చూడండి, లాటిను పేరు పెట్టినవారు అది పాకే తీరును చూశారు, సంస్కృతం పేరు పెట్టినవారు అది తిరిగివచ్చే తీరును చూశారు. ఇద్దరూ నేలమీదికి వంగి చూసినవారే. చంద్రకాంతపూల చెట్టు, కాగితపుపూల తీగ దీనికి దగ్గర చుట్టాలు. పెద్దరోడ్ల నడుమ డివైడర్లమీద కాగితపుపూలకు ట్యాంకర్లతో నీరు పోసి పెంచుతాము, దాని కాళ్ళదగ్గర తనంత తాను పెరిగే చుట్టాన్ని కూలి ఇచ్చి పీకిస్తాము.

దీని బ్రతుకంతా వేరులో ఉంది. ముల్లంగిలా కిందికి పోనుపోను సన్నబడే గట్టి తల్లివేరు. వేసవిలో పైభాగమంతా ఎండి రాలినా వేరు లోపల బ్రతికే ఉంటుంది. తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. ఎర్రచెలక నేలలోనైనా, మొరంలోనైనా, ఇటుకల సందులోనైనా దానికి అభ్యంతరం లేదు. పూత రాకముందు లేతచిగుళ్ళు తుంచి, రెండు మూడు నీళ్ళలో కడిగి, పెసరపప్పుతోనో కందిపప్పుతోనో కలిపి వండుతారు. లేదా ఉడికించి, నీళ్ళు వార్చి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తారు. జొన్నరొట్టెతో తింటే కొంచెం మట్టివాసన కలిసిన మంచి రుచి. ముదిరితే నార తేలుతుంది, బాగుండదు.

మా ఊళ్ళవాళ్ళు ఇదొక్కటే వండేవారు కారు. గునుగాకు, తుమ్మికూర, జొన్నచెంచలి, పొన్నగంటి, ఏది దొరికితే అది కలిపేవారు. మనం సాహిత్యంలో పలురకాల రచనల సంపుటిని 'కలగూరగంప' అంటాము. ఆ మాట వాడే మనలో ఎందరం ఆ గంపను చూశాము? జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళాసంఘాలు ఇటువంటి సాగుచేయని ఆకుకూరలను లెక్కకట్టి, పేర్లు వ్రాయించి, అవి కలుపుమొక్కలు కావు, పంటలో పంటే అని చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. చదువులేనివారని మనమనుకొనే స్త్రీలు చేసిన నిఘంటువు అది.

ఇక మా ప్రాంతం సంగతి. నేను వచ్చిన రోజుల్లో శంషాబాద్ చుట్టూ జొన్న, కంది, ఆముదం చేలు, కూరగాయల మడులు, అక్కడక్కడ ద్రాక్షతోటలు ఉండేవి. 2005 మార్చిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. సుమారు 5,500 ఎకరాలు అందులోకి పోయాయి. 2008 మార్చి 23న విమానాలు బేగంపేటనుండి ఇటు మారాయి. దరిమిలా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, దాని వెంబడి వెంచర్లు. విమానాశ్రయం రాకూడదని నేను అనను. మా విద్యార్థులలో చాలామందికి అక్కడ అన్నం దొరికింది. నా కొడుకు వచ్చేదీ పోయేదీ అక్కడినుండే. అయితే ఈ మార్పులో మొక్కకు ఏమయిందో, మనుషులకు ఏమయిందో విడివిడిగా చూడవలసి ఉంది.

మొక్కకు ఏమీ కాలేదు. ఇది చాలామంది మిత్రులు అంగీకరించకపోవచ్చు. "అయ్యో, మన ఓషధులన్నీ నశించిపోతున్నాయి" అని వ్రాయడం తేలిక. కాని అటికమామిడి నశించలేదు. అమ్ముడుపోని ప్లాట్లలో హద్దురాళ్ళ మొదట్లో అదే ఉంది. సర్వీసు రోడ్డు అంచున అదే ఉంది. నశించినవి వేరు. పూర్వం ఎవరి చేనిగట్టుమీదనైనా ఎవరైనా ఆకు కోసుకోవచ్చును. పంట ఆసామిది, ఆకు అందరిది. వ్రాతలో ఎక్కడా లేని ఈ కట్టుబాటును ఎవరూ కాదనేవారు కారు. చేను ప్లాటు అయ్యేసరికి ఆ కట్టుబాటు పోయింది. చుట్టూ గోడ, గేటుకు కాపలా. గోడ లేనిచోట కలుపుమందు చల్లారో లేదో తెలియదు, మురుగు పారుతున్నదో లేదో చూసుకోవాలి. కోసేవారు తగ్గారు. కోసేవారు తగ్గితే గుర్తుపట్టే కన్ను తగ్గింది. నాడు బడిలో నాకు గుర్తులు చెప్పిన ఆమె మనుమరాలు ఈ మొక్క మీదుగా రోజూ నడిచి కాలేజీ బస్సు ఎక్కుతుంది. అడిగాను, దాని పేరు ఆమెకు తెలియదు.

గుర్తుపట్టే కన్ను పోయినచోట ఏమవుతుందో నా రెండవ తప్పు చెబుతుంది.

నాతో కలిసి పనిచేసిన లెక్కల ఉపాధ్యాయుడొకాయన ఉన్నారు. చాలా ఏళ్ళుగా మధుమేహం. నేను 2017లో పదవీ విరమణ చేసిన కొంతకాలానికి ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, క్రియాటినిన్ పెరుగుతున్నదని తేలింది. ఒకనాడు ఫోను చేసి, "పండితుల సారూ, పునర్నవ అంటే అసలు ఏం అర్థమో జర చెప్పుండ్రి" అన్నారు. ఆయన ఏదో వీడియో చూశారట, పాడైన కిడ్నీలను ఆ ఆకు మళ్ళీ కొత్తవి చేస్తుందని అందులో చెప్పారట. నేను అడిగినదానికి మించి చెప్పాను. పునః, నవ, విసర్గసంధి, అమరకోశం, శోథఘ్ని. చరకుడు వయఃస్థాపన ద్రవ్యాలు పదింటిలో దీనిని చేర్చాడని కూడా చెప్పాను. ఆయన "అంటే పేరులనే ఉన్నది గదా సార్" అని సంతోషించారు. నాకూ సంతోషమే కలిగింది. పదవీ విరమణ చేసిన పండితుణ్ని వ్యుత్పత్తి అడిగేవారు ఎందరుంటారు?

ఆయన డాక్టరు ఇచ్చిన మాత్రలు కొన్ని మానివేసి, కొన్ని నెలలు రోజూ ఉదయం ఆకురసం త్రాగారు. చివరకు ఒక రాత్రి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందన్నారు. మాత్రలు మానడం వల్ల ఎంత, రసం వల్ల ఎంత అనేది విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. బ్రతికి బయటపడ్డారు, ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను చూడటానికి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో సంచిలో ఇంకా కొంత ఆకు మిగిలి ఉన్నది. తీసి చూశాను. అందులో సగం అటికమామిడి కానే కాదు. ఆకు దళసరిగా, నీరుపట్టినట్లు ఉన్నది. పూవు రెమ్మ చివర లేదు, ఆకు మొదట్లోనే తొడిమ సంచిలో ఇరుక్కొని ఉన్నది. అది అంబటిమాడు. కొన్ని ఊళ్ళలో గలిజేరు అనే పేరు దీనికి, కొన్ని ఊళ్ళలో దానికి వాడతారు కనుక తెచ్చినవాడు రెండూ కలిపి తెచ్చాడు. అంబటిమాడు ఏటేటా విత్తనంనుండి పుట్టి చచ్చే మొక్క, ఆ కుటుంబమే వేరు. దానినీ లేతగా ఉన్నప్పుడు ఉడికించి నీళ్ళు వార్చి తింటారు, ముదురాకు తింటే విరేచనాలు పట్టుకొంటాయి. మా బడిలో వంటచేసిన ఆమెకు ఈ తేడా చీకట్లో తడిమినా తెలుస్తుంది. లెక్కల మాస్టారికీ తెలియలేదు, ఆకు అమ్మినవాడికీ తెలియలేదు. పేరు ఒకటే చెలామణి అయింది.

ఆనాడు నేను చెప్పవలసినది చెప్పలేదు. మన అలంకారశాస్త్రంలో యోగార్థం వేరు, రూఢి వేరు అని చదువుకొన్నాము. పంకజమంటే బురదలో పుట్టినది, అయినా బురదలో పుట్టిన ప్రతిదీ పంకజం కాదు. పునర్నవ అనే మాటలో మళ్ళీ కొత్తదయ్యేది మొక్క, దానిని తిన్నవాడు కాదు. శోథఘ్ని అన్న పేరు వాపును చెబుతుంది. వాపు ఒక లక్షణం. గుండె చెడినా వస్తుంది, కాలేయం చెడినా వస్తుంది, మూత్రపిండాలు చెడినా వస్తుంది. ప్రాచీనులైనా దీనిని ఊరికే పిండి త్రాగించలేదు. పాండురోగానికి వాడే పునర్నవ మండూరం సంగతే చూడండి, అందులో ఇనుపచిట్టెం మొదలు ఎన్నో ద్రవ్యాలు ఉన్నాయి, రోగిని చూసి మోతాదు నిర్ణయించే వైద్యుడు ఉన్నాడు. ఈ మొక్కలో పొటాషియం లవణాలు ఎక్కువ. ఆరోగ్యవంతుడు అటికమామిడి పప్పు తింటే అది అన్నంలోకి కూర. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియంను బయటకు పంపలేవు కనుక ఏ ఆకుకూర అయినా వారు వైద్యుణ్ని అడిగి తినవలసిందే, రసం మాట అటుంచి. ఇవన్నీ నాకు తెలియని సంగతులు కావు. వ్యుత్పత్తి చెప్పే ఉత్సాహంలో చెప్పడం మరచాను.

ఈ రెండు తప్పులూ ఒకే తప్పు అని నా అభిప్రాయం. మొదటిసారి మాటను చేతిలో పట్టుకొని మొక్కను పీకించాను. రెండవసారి మొక్క ఎదుట లేకుండా మాటను మందుగా ఇచ్చాను. మాటను వస్తువునుండి విడదీస్తే అది ఒకచోట పాండిత్యమవుతుంది, మరొకచోట వ్యాపారమవుతుంది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఇప్పుడు తిరగబడింది. పెరట్లో ఉన్నంతకాలం పిచ్చిమొక్క, పీకి ఎండబెట్టి పొడిచేసి సీసాలో పోసి 'పునర్నవ' అని చీటీ అంటించగానే దివ్యౌషధం. మధ్యలో జారిపోయినది ఒక్కటే, కూర.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. ఈ టపా వ్రాయబోతున్నానని ఒక పూర్వవిద్యార్థితో అంటే అతడు, "సార్, మా అమ్మ ఆ ఆకు ఇష్టపడి వండలేదు, పప్పు కొనలేక వండింది. మీరు పెన్షన్ తీసుకుంటూ దాన్ని పొగడొద్దు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. లేమిలో తిన్న తిండిని కడుపు నిండినవాడు కీర్తించడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. నేను ఎవరినీ గట్లవెంట తిరిగి ఆకులు ఏరుకొమ్మని చెప్పడం లేదు. తినడం, మానడం వారి వారి ఇష్టం. కాని గుర్తుపట్టడం వేరే సంగతి. అతని తల్లికి ఉన్నది లేమి మాత్రమే కాదు, విద్య కూడా. లేమి పోవలసిందే. దానితోపాటు విద్య కూడా పోవాలని ఎక్కడుంది? అది విద్య అని నేను ఒప్పుకోకపోవడంవల్లనే కదా, ఆ తొమ్మిదో తరగతి పిల్ల తల వంచుకొన్నది.

కనుక భాష చెప్పే మిత్రులకు నా విన్నపం చిన్నది. పిల్లలకు పునర్నవ అని చెప్పే రోజున తరగతిని బయటకు తీసుకుపోయి ఒక మొక్కను చూపించండి. మీకు తెలియకపోతే పిల్లలను అడగండి, లేదా వారి అమ్మమ్మలను పిలవండి. పేరు వారు ఏ యాసలో చెబితే ఆ యాసలోనే ముందు వ్రాసుకోండి, సంధి తరువాత విడదీయవచ్చును. లేఅవుట్లలో ఉద్యానవనానికని వదిలే స్థలంలో ఒక మూల మందు చల్లకుండా వదిలితే చాలు, మిగతాది మొక్కే చూసుకొంటుంది. అది మన దయమీద బ్రతికేది కాదు.

ఈ ఏడు మా గోడపక్కన దానిని తవ్వించలేదు. వీధి దుమ్ము పడే చోటు కనుక అక్కడిది కోసుకొని తినము, పెరటి వైపుకు ఒక వేరుముక్క మార్చాను. పాతినచోట మొదటివారం చచ్చినట్లే పడి ఉండి, పదిరోజులకు ఒక జంట ఆకులు వేసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

మీ ప్రాంతంలో దీనిని ఏమంటారో వ్యాఖ్యలలో తప్పక వ్రాయండి. అయితే పేరు ఒక్కటే వ్రాయకండి. ఆకు అడుగున ఏ రంగులో ఉంటుందో, పూవు ఎక్కడ పూస్తుందో, కాయ బట్టకు అంటుకొంటుందో లేదో చూసి మరీ వ్రాయండి.